గోదావరి పాత రైలు వంతెన: రైలు దారి నుంచి నడక దారికి

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• గోదావరిపై పాత రైలు వంతెన ఎప్పుడు, ఏ అవసరం కోసం నిర్మించారో వివరించగలుగుతారు.
• వలస పాలనలో రైలు మార్గాలకూ నీటి పారుదలకూ మధ్య జరిగిన వాదాన్ని రాయదుర్గం ప్రాంత అనుభవంతో పోల్చి చెప్పగలుగుతారు.
• వాడుక ఆగిపోయిన రైలు వంతెనను నడక దారిగా మార్చడంలో ఉన్న లాభాలను, చిక్కులను చర్చించగలుగుతారు.
• ఒక కట్టడాన్ని చారిత్రక ఆధారంగా ఎలా చదవాలో తెలుసుకుంటారు.

1. పరిచయం

మీరు రాయదుర్గంలోనో, కణేకల్లులోనో, కళ్యాణదుర్గంలోనో ఉండి ఈ పాఠం చదువుతున్నారనుకుందాం. మీ ప్రాంతంలో సంవత్సరానికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే పడుతుంది. వేదవతి నది, అంటే మీరు హగరి అని పిలిచే నది, ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకగానే కనిపిస్తుంది. కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాలలో ఆ ఇసుక గాలికి లేచి దిబ్బలుగా మారి పొలాలను కమ్మేస్తుంది. ఇలాంటి చోట ఉన్న మీకు, ఏడాది పొడుగునా నీళ్లు నిలిచే చోట గోదావరి మీద కట్టిన ఒక పాత వంతెన గురించి ఎందుకు చెప్పాలి?

దీనికి రెండు కారణాలు ఉన్నాయి. మొదటిది, ఆ వంతెనా మీ ఊరికి వచ్చిన రైలూ ఒకే కాలపు ప్రభుత్వ విధానం నుంచి పుట్టాయి. 19వ శతాబ్ది చివరి భాగంలో మద్రాసు రాష్ట్రంలో ఎక్కడ కాలువ తవ్వాలి, ఎక్కడ పట్టాలు వేయాలి అన్న నిర్ణయాలు డెల్టాను ఒక రకంగా, మెట్ట సీమను మరొక రకంగా మార్చాయి. రెండవది, ఆ వంతెన ఇప్పుడు రైలు వంతెన కాదు. 1997లో దానిపై రైళ్లు ఆగిపోయాయి. దానిని ప్రజలు నడిచే దారిగా, విహార స్థలంగా మార్చే పని ప్రస్తుతం ప్రభుత్వ ప్రణాళికలో ఉంది. ఒక పాత కట్టడానికి కొత్త పని అప్పగించేటప్పుడు దాని చరిత్రలో ఏది మిగులుతుంది, ఏది చెరిగిపోతుంది అన్న ప్రశ్న చరిత్ర విద్యార్థులుగా మీకు ముఖ్యమైనది.

ఈ పాఠంలో ముందుగా రాయదుర్గం వైపు రైలు ఎందుకు వచ్చిందో చూద్దాం. ఆ తరువాత గోదావరి దగ్గరకు వెళదాం.

2. కరువు సీమకు రైలు

ఒక విషయం గుర్తుంచుకోండి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే వరకు రాయదుర్గం తాలూకా బళ్ళారి జిల్లాలో ఉండేది. రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి జిల్లా నుంచి ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలోనూ, రాయదుర్గం తాలూకా అనంతపురం జిల్లాలోనూ చేరాయి. కాబట్టి 1953కు ముందు నాటి రాయదుర్గం చరిత్ర కోసం మీరు బళ్ళారి జిల్లా రికార్డులు చూడాలి. 1904లో డబ్ల్యు. ఫ్రాన్సిస్ తయారు చేసిన బళ్ళారి జిల్లా గెజిటీర్ ఇందుకు మొదటి మెట్టుగా ఉపయోగపడుతుంది.

మద్రాసు రైల్వే కంపెనీ వేసిన వాయవ్య మార్గం తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు, ఆదోని మీదుగా 1871 నాటికి రాయచూరు చేరింది. అంటే ధాత కరువు వచ్చే నాటికే ఈ సీమలో రైలు ఉంది. 1876–78 మధ్య వచ్చిన ఈ మహా కరువులో మద్రాసు రాష్ట్రంలో అత్యంత ఘోరంగా దెబ్బతిన్న జిల్లాలలో బళ్ళారి ఒకటి. అప్పటికి అనంతపురం జిల్లా ఇంకా ఏర్పడలేదు. 1882లో దానిని బళ్ళారి నుంచి విడదీశారు.

ఆ కరువులో రైలు ఏం చేసింది? మద్రాసు ఓడరేవులో దిగిన ధాన్యాన్ని లోపలి జిల్లాలకు చేర్చింది. ఇది నిజమే. కానీ స్టేషనులో ధాన్యం బస్తాలు దిగితేనే ఇంట్లో పొయ్యి వెలగదు. పంట పోయిన రైతుకు, పని పోయిన కూలీకి, నేత ఆగిపోయిన సాలెకు ఆ ధాన్యం కొనే డబ్బు లేదు. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ సూచన మేరకు కరువు పనులలో కూలీకి ఇచ్చే ధాన్యాన్ని రోజుకు ఒక పౌను, అంటే దాదాపు 450 గ్రాముల విలువకు తగ్గించారు. దానిపైన ఒక అణా ఇచ్చేవారు. ఎండలో రాళ్లు కొట్టే మనిషికి ఇది చాలదని మద్రాసు ఆరోగ్య శాఖాధికారి డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించారు. రవాణా సౌకర్యం ఉన్నా కొనుగోలు శక్తి లేకపోతే కరువు ఆగదన్నది ధాత కరువు నేర్పిన పాఠం.

అయితే ప్రభుత్వం ప్రధానంగా మరొక పాఠం నేర్చుకుంది. 1880లో కరువు కమిషన్ తన నివేదికలో, కరువు రక్షణ కోసం వెంటనే మరో 5,000 మైళ్ల రైలు మార్గాలు అవసరమని, దేశంలో మొత్తం 20,000 మైళ్ల మార్గం ఉంటే గాని కరువు నుంచి భద్రత ఉండదని చెప్పింది. వీటిని 'రక్షణ రైలు మార్గాలు' అన్నారు. 1882లో ఏర్పడిన సదరన్ మరాఠా రైల్వే కంపెనీ ఈ ఉద్దేశంతోనే గుంతకల్లు, బళ్ళారి, హోస్పేట మీదుగా పడమటి వైపు సాగే మీటర్ గేజి మార్గాన్ని నడిపింది. 20వ శతాబ్ది తొలి దశకంలో బళ్ళారి నుంచి రాయదుర్గానికి ఒక మీటర్ గేజి శాఖ వచ్చింది. చాలా కాలం రాయదుర్గమే ఆ శాఖకు చివరి స్టేషను.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
1) 1953కు ముందు రాయదుర్గం ఏ జిల్లాలో ఉండేది?
2) రైలు ఉన్నా ధాత కరువులో ప్రజలు ఆకలితో ఎందుకు చనిపోయారు? మూడు వాక్యాలలో రాయండి.

3. కాలువా? పట్టాలా?

ఈ విధానాన్ని ఎదిరించిన వారిలో సర్ ఆర్థర్ కాటన్ ముఖ్యుడు. 1847–1852 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఇంజనీరుగా గోదావరి జిల్లాల ప్రజలు ఆయనను ఈనాటికీ తలచుకుంటారు. కాటన్ వాదం సూటిగా ఉంటుంది. రైలు పంటను ఒక చోటి నుంచి మరొక చోటికి మోస్తుంది కాని, పంటను పండించదు. కాలువ అయితే పంటను పండిస్తుంది, పడవల మీద దానిని మోస్తుంది కూడా. కరువు ముగిసిన 1878లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు ఆయన ఈ వాదాన్నే వినిపించారు. కమిటీని ఒప్పించలేకపోయారు.

కాటన్ చెప్పినదంతా సరైనదని మీరు అనుకోనక్కరలేదు. పీఠభూమి మీద పడవలు నడిచే కాలువలు తవ్వడం డెల్టాలో తవ్వినంత సులభం కాదు. రాతి నేల, ఎత్తుపల్లాలు, ఏడాదంతా నీరు నిలవని నదులు ఆ పనికి అడ్డం. అయినా ఆయన అడిగిన మూల ప్రశ్న మిగిలే ఉంది: ప్రభుత్వ ధనం మొదట దేనికి ఖర్చు పెట్టాలి? ఆ తరువాత దాదాభాయి నౌరోజీ, రమేశ్ చంద్ర దత్ వంటి జాతీయవాదులు ఇదే ప్రశ్నను మరింత విస్తృతంగా అడిగారు. రైల్వే కంపెనీల వాటాదారులకు భారత ఖజానా నుంచి 5 శాతం వడ్డీ హామీ ఇచ్చారు. లాభం రాకపోయినా వారికి సొమ్ము ముట్టేది. ఆ భారం పన్ను కట్టే రైతు మీద పడింది. నీటి పారుదలకు మాత్రం అంత ఉదారంగా సొమ్ము విడుదల కాలేదని రమేశ్ చంద్ర దత్ తన భారత ఆర్థిక చరిత్రలో విమర్శించారు.

మీ ప్రాంతానికి సంబంధించిన ఒక లెక్క చూడండి. తుంగభద్రపై జలాశయం కట్టాలన్న ఆలోచనను కాటన్ 1860లోనే ముందుకు తెచ్చారు. ఆనకట్ట 1953లో పూర్తయింది. దాని ఎగువ కాలువ ద్వారా ఆ నీరు తరువాత బొమ్మనహాళ్, కణేకల్లు పొలాలకు చేరింది. అదే సీమలో రైలు 1871 నాటికే నడిచింది. ఆలోచనకూ ఆనకట్టకూ మధ్య 93 ఏళ్లు గడిచాయి. ఈ ఆలస్యానికి సంస్థానాల మధ్య నీటి పంపకాల తగాదాలు కూడా ఒక కారణం. తప్పంతా ఒక్క విధానానిదే అనడం సరికాదు. కాని రైలుకు దొరికిన తొందర నీటికి దొరకలేదన్నది మాత్రం స్పష్టం.

ఇప్పుడు గోదావరికి వెళదాం. అక్కడ ఆనకట్ట ముందు వచ్చింది, రైలు వంతెన తరువాత వచ్చింది. మీ సీమలో జరిగినది దీనికి తలక్రిందులు.

4. గోదావరి మీద వంతెన

మద్రాసు, కలకత్తా నగరాలను తూర్పు తీరం వెంట కలపడానికి 1890లలో ఈస్ట్ కోస్ట్ రైలు మార్గం వేశారు. బెజవాడ దగ్గర కృష్ణ మీద వంతెన 1893లో సిద్ధమైంది. గోదావరి దగ్గర మాత్రం పని ఆగింది. మార్గం నది రెండు ఒడ్డులకూ వచ్చింది గాని, నడుమ నది మిగిలింది. ప్రయాణికులు ఒక ఒడ్డున రైలు దిగి, నదిని పడవలో దాటి, ఆవలి ఒడ్డున మరొక రైలు ఎక్కవలసి వచ్చేది. ఆ ఒడ్డులు పడమట కొవ్వూరు, తూర్పున రాజమండ్రి. రాజమండ్రి పేరు 2015లో అధికారికంగా రాజమహేంద్రవరంగా మారింది.

వంతెన పని 1897 నవంబరులో మొదలై, 1900 ఆగస్టులో వంతెన మీద రైళ్లు నడిచాయి. అంత వెడల్పు నదిపై మూడేళ్లలోపు పని ముగించడం ఆ రోజుల్లో పెద్ద విషయమే. ఇంజనీరు ఎఫ్.టి.జి. వాల్టన్. ఆయన అంతకు ముందు కాశీ దగ్గర గంగపై 1887లో పూర్తయిన డఫరిన్ వంతెన కట్టించారు. దానిని ఇప్పుడు మాలవీయ వంతెన అంటున్నారు. గోదావరి వంతెనకు అప్పటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ ఎలిబ్యాంక్ హేవలాక్ (పాలనా కాలం 1896–1900) పేరు పెట్టారు.

వంతెన కొలతలు తెలుసుకోండి. రాతి స్తంభాల మీద ఉక్కు గర్డర్లు పరచి, పైన ఒకే ఒక రైలు పట్టా వేశారు. రెండు స్తంభాల నడుమ ఖాళీని స్పాన్ అంటారు. ఈ వంతెనకు 56 స్పాన్లు ఉన్నాయి. ఒక్కొక్కటి 150 అడుగులు, అంటే దాదాపు 45.7 మీటర్లు. 56ను 45.7తో గుణిస్తే 2,559 మీటర్లు వస్తుంది. స్తంభాల మందం కూడా కలిపితే వంతెన రెండున్నర కిలోమీటర్లు దాటుతుంది.

ఇసుక నదిలో స్తంభం ఎలా నిలుస్తుంది? ఆ కాలపు ఇంజనీర్లు ఇందుకు వాడిన పద్ధతి మీకు తెలిసిన బావి తవ్వకాన్ని పోలి ఉంటుంది. ముందు నదిలో, అంచు పదునుగా ఉన్న ఒక గుండ్రటి చట్రం దింపుతారు. దానిపై రాతితోనో ఇటుకతోనో ఒర కడతారు. లోపలి ఇసుకను తోడుతూ ఉంటే ఒర తన బరువుతోనే కిందికి దిగుతుంది. దిగిన కొద్దీ పైన మరికొంత కడతారు. గట్టి నేల తగిలాక లోపల కాంక్రీటు నింపి మూసివేస్తారు. దానిపై స్తంభం లేస్తుంది. మీ ఊళ్లో ఒరబావి నీటి కోసం దిగుతుంది. నదిలో ఒరబావి బరువు మోయడానికి దిగుతుంది.

ఇక వంతెన ఉక్కును చూడండి. జంషెడ్‌పూర్‌లో టాటా కర్మాగారం నుంచి మొదటి ఉక్కు వచ్చింది 1912లో. 1900 నాటికి ఇంత భారీ గర్డర్లకు చాలినంత ఉక్కు తయారు చేసే కర్మాగారం భారతదేశంలో లేదు. కాబట్టి ఆ ఇనుప సామాను సముద్రం దాటి వచ్చినదే. రాయి, ఇసుక, చెమట మాత్రం ఇక్కడివి. నీళ్లలో ఇసుక తోడిన వారి, రాళ్లు చెక్కిన వారి, రివెట్లు బిగించిన వారి పేర్లు వంతెన పేరులో లేవు. గవర్నరు పేరు ఉంది, ఇంజనీరు పేరు రికార్డులో ఉంది. చారిత్రక ఆధారాలలో ఎవరు కనిపిస్తారు, ఎవరు కనిపించరు అని మనం ప్రతిసారీ అడగవలసిన ప్రశ్నకు ఇది మంచి ఉదాహరణ.

కాటన్ 1899 జూలైలో ఇంగ్లండులో కన్నుమూశారు. ఆయన కట్టించిన ఆనకట్టకు కొద్ది కిలోమీటర్ల ఎగువన, ఆ ఆనకట్ట నిలిపిన నీటి మీదుగా, మరుసటి ఏడాది రైలు గోదావరిని దాటింది. ఒక జీవిత కాలం సాగిన వాదంలోని రెండు పక్షాలూ అక్కడ ఒకే నది మీద పక్కపక్కన నిలిచాయి.

5. వంతెన మోసిన చరిత్ర

పాలకులు రైలును సైన్యం కోసం, వ్యాపారం కోసం, పరిపాలన కోసం వేశారు. ఒకసారి వేశాక దానిపై ఏ ఆలోచన ప్రయాణం చేయాలో వారు నిర్ణయించలేకపోయారు. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్ర పాల్ ఆంధ్ర ప్రాంతంలో పర్యటించి రాజమండ్రిలో ఉపన్యాసాలు ఇచ్చారు. ఆ పర్యటనలోని విశాఖపట్నం, రాజమండ్రి, బెజవాడ ఈ కొత్త రైలు మార్గంలోని ఊళ్లే. ఆ ఉపన్యాసాల ప్రభావంతో రాజమండ్రి విద్యార్థులు వందేమాతరం నినదించారు. శిక్షణ కళాశాల నుంచి బహిష్కరణకు గురైన వారిలో గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఒకరు. ఆయన కర్నూలు బిడ్డ, అంటే మీ రాయలసీమ వాడు. సీమ యువకుడు గోదావరి ఒడ్డున చదువుకోవడం, కలకత్తా నాయకుడు అక్కడికి వచ్చి మాట్లాడడం వంటివి రైలు వచ్చాక ఎంతో తేలికయ్యాయి. కలకత్తా, మద్రాసుల మధ్య వార్తా పత్రికలు, ఉత్తరాలు, నాయకులు తిరిగిన దారిలో ఈ వంతెన ఒక కీలకమైన లంకె.

ఈ వంతెన నది ఉగ్రరూపాన్ని కూడా చూసింది. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు ప్రవహించింది. అప్పటికి వంతెన వయసు 86 ఏళ్లు. ఆ వరదను తట్టుకుని నిలిచింది.

కాలం గడిచే కొద్దీ ఒకే పట్టా ఉన్న వంతెన పెరుగుతున్న రద్దీకి చాలలేదు. 1974లో పక్కనే రైలు, రోడ్డు రెండూ సాగే రెండవ వంతెన వచ్చింది. 1990లలో కాంక్రీటు ఆర్చీలతో మూడవ వంతెన కట్టారు. 1997లో పాత వంతెనకు విశ్రాంతి ఇచ్చారు. మొత్తం 97 ఏళ్ల సేవ అది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2
1) గోదావరి పాత వంతెన నిర్మాణానికి ముందు ప్రయాణికులు నదిని ఎలా దాటేవారు?
2) వంతెన ఉక్కు విదేశాల నుంచి వచ్చిందని మనం ఏ ఆధారంతో చెప్పగలం?

6. రైళ్లు ఆగిన తరువాత

వాడుక ఆగిన వంతెనకు సాధారణంగా మూడు దారులు ఉంటాయి. ఒకటి, ఉక్కును విప్పి తుక్కుగా అమ్మడం. రెండు, అలాగే వదిలేయడం. మూడు, కొత్త పని ఇవ్వడం. మొదటి దారిలో కట్టడం ఒకేసారి పోతుంది. రెండవ దారిలో అది తుప్పుతో మెల్లగా పోతుంది. కాబట్టి చరిత్రను కాపాడాలనుకునేవారికి ఆచరణలో మిగిలేది మూడవ దారే.

ఇతర దేశాల అనుభవం ఇక్కడ ఉపయోగపడుతుంది. అమెరికాలో మోటారు వాహనాలు పెరిగి వేల మైళ్ల రైలు మార్గాలు మూతపడ్డాయి. 1960లలో విస్కాన్సిన్ రాష్ట్రంలో ఎల్‌రాయ్, స్పార్టా ఊళ్ల మధ్య మూతపడిన మార్గాన్ని నడకకు, సైకిళ్లకు అనువుగా మార్చారు. ఇలాంటి ప్రయత్నాలలో అది మొదటి తరానిది. 1983లో అక్కడ ఒక చట్ట సవరణ వచ్చింది. మూతపడిన రైలు మార్గపు భూమిని ముక్కలు చేసి అమ్మకుండా, తాత్కాలికంగా నడక దారిగా వాడుకుంటూ, అవసరమైతే మళ్లీ రైలుకు ఇచ్చే వీలు దాని వల్ల కలిగింది.

మన గోదావరి వంతెనకు దగ్గరి పోలిక న్యూయార్క్ రాష్ట్రంలో హడ్సన్ నదిపై ఉన్న పొకీప్సీ రైలు వంతెన. అది 1889లో వాడుకలోకి వచ్చింది. 1974లో అగ్ని ప్రమాదం జరిగి రైళ్లు ఆగాయి. చాలా ఏళ్లు అది పాడుబడింది. 1992లో స్థానికులు ఒక సంఘంగా ఏర్పడి దానిని కాపాడే పనికి పూనుకున్నారు. పాత ఉక్కు మీద కాంక్రీటు పలకలు పరచి, పక్కన కంచె కట్టి, 2009 అక్టోబరులో నడక వంతెనగా తెరిచారు. రైలు ఆగడానికీ మనుషులు నడవడానికీ మధ్య 35 ఏళ్లు పట్టింది. ఈ ఉదాహరణ నుంచి గ్రహించవలసినది ఒకటుంది. డబ్బు, ఇంజనీరింగు రెండూ కావాలి. వాటికి ముందు ఆ కట్టడం తమదని అనుకునే స్థానికులు కావాలి.

గోదావరి పాత వంతెన విషయంలోనూ ప్రతిపాదనలు పలుమార్లు వచ్చాయి. చివరికి కేంద్ర ప్రభుత్వ ప్రత్యేక సహాయంతో 'అఖండ గోదావరి' అనే పర్యాటక ప్రాజెక్టు రూపొందింది. దీని అంచనా వ్యయం 94.44 కోట్ల రూపాయలు. 2025 జూన్‌లో రాజమహేంద్రవరంలో శంకుస్థాపన జరిగింది. పాత వంతెనను పర్యాటక ఆకర్షణగా తీర్చిదిద్దడం, పుష్కర ఘాట్ పరిసరాలను బాగుచేయడం ఇందులో ముఖ్యమైన పనులు. గోదావరి పుష్కరాలు పన్నెండేళ్లకు ఒకసారి వస్తాయి. 2015 తరువాత మళ్లీ 2027లో వస్తాయి. ఆ తేదీ ఈ పనికి ఒక గడువులా నిలిచింది.

రైలు వంతెనను నడక దారిగా మార్చడం పైకి కనిపించినంత సులభం కాదు. రైలు పట్టాల కింద నేల ఉండదు. స్లీపర్ల సందుల్లోంచి కింద నీళ్లు కనిపిస్తాయి. మనుషులు నడవాలంటే గట్టి తలం వేయాలి, రెండు వైపులా కంచె కావాలి, దీపాలు కావాలి, ప్రమాదం జరిగితే బయటికి తీసుకువచ్చే ఏర్పాటు కావాలి. రైలు బరువుతో పోలిస్తే మనుషుల బరువు తక్కువే. అయినా దశాబ్దాలుగా తడిసి తుప్పు పట్టిన గర్డరును పరీక్షించకుండా జనాన్ని ఎక్కించకూడదు. పుష్కరాల వంటి సందర్భంలో జనం ఒకేసారి గుమిగూడతారు. ఆ జాగ్రత్త మొదటే లెక్కలో ఉండాలి.

7. ఏది మిగలాలి?

ఇక్కడ పాఠం మొదట అడిగిన ప్రశ్నకు వద్దాం. వంతెనను అలంకరించి, రంగు దీపాలు పెట్టి, తినుబండారాల దుకాణాలు తెరిస్తే జనం వస్తారు. సాయంత్రం పూట గోదావరి గాలి పీల్చుకుంటారు. అది మంచిదే. ఒకప్పుడు టిక్కెట్టు కొన్న వారికి, అదీ కిటికీలోంచి కొద్ది నిమిషాలు మాత్రమే కనిపించిన నదిని ఇప్పుడు ఎవరైనా నిలబడి చూడవచ్చు. వలస పాలకుల అవసరం కోసం కట్టిన దారి సామాన్యుల నడక దారి కావడం కూడా చరిత్రలో ఒక మలుపే.

అయితే విహారం ఒక్కటే మిగిలి, కథ పోతే నష్టం జరుగుతుంది. వంతెన మీద నడిచే విద్యార్థికి కొన్ని విషయాలు తెలియాలి. ఎగువ నుంచి వచ్చే నీరు దిగువ ఆనకట్ట వల్ల అక్కడ నిలుస్తుంది. ఆ ఆనకట్ట కట్టినవాడే రైలు కన్నా కాలువ ముందన్నాడు. ఆయన మాట నెగ్గని చోట, అంటే రాయదుర్గం వంటి చోట, కరువుకు మందుగా పట్టాలు వచ్చాయి. నీరు వచ్చేసరికి మూడు తరాలు మారాయి. ఈ సంగతులు చెప్పే బోర్డు ఒకటి వంతెన మీద ఉంటే, అది గాజు పలకల కన్నా విలువైనది. పాత రివెట్లు, స్తంభాల రాళ్లు, పట్టా ముక్క ఒకటైనా కనిపించేలా ఉంచడం కూడా అంతే అవసరం. కొత్త తలం కింద అవన్నీ కనబడకుండా పోతే, మిగిలేది నది మీద మరొక పార్కు మాత్రమే.

పేరు విషయమూ ఆలోచించండి. హేవలాక్ పేరును తీసివేయాలా, ఉంచాలా? తీసివేస్తే ఆ కట్టడం ఏ పాలనలో పుట్టిందో చెప్పే గుర్తు ఒకటి పోతుంది. ఉంచి ఊరుకుంటే శ్రమ చేసిన వారు మరుగునే ఉంటారు. పాత పేరును ఉంచి, దాని పక్కన కూలీల శ్రమను గుర్తుచేసే మాట చేర్చడం ఒక మార్గం. మీ అభిప్రాయం వేరుగా ఉండవచ్చు. కారణాలతో రాయగలిగితే అదీ సరైన సమాధానమే.

8. మీ ఊళ్లో చేయదగిన పని

1992లో భారతీయ రైల్వే దేశమంతటా మార్గాలను బ్రాడ్ గేజికి మార్చే కార్యక్రమం ప్రకటించింది. మీటర్ గేజిగా పుట్టిన బళ్ళారి–రాయదుర్గం మార్గం కూడా ఇప్పుడు బ్రాడ్ గేజి. రాయదుర్గం ఇక చివరి స్టేషను కాదు. అక్కడి నుంచి కళ్యాణదుర్గం, పావగడ, మధుగిరి మీదుగా తుమకూరు వైపు కొత్త మార్గం చేపట్టారు. ఇది ప్రజలకు మేలు చేసే పని. అయితే ఇలాంటి మార్పు జరిగినప్పుడల్లా పాత తూములు, గేటు గదులు, నీళ్ల ట్యాంకులు, స్టేషను గంటలు ఎవరూ లెక్క రాయకుండానే మాయమవుతాయి. గోదావరి వంతెన పెద్దది కాబట్టి అందరి కంట్లో పడింది. చిన్నవాటిని కాపాడేది వాటి పక్కన ఉన్నవారే.

అందుకు మీరు ఈ కృత్యం చేయండి. మీ ఊరి రైలు గురించి జ్ఞాపకం ఉన్న ఇద్దరు ముగ్గురు పెద్దలతో మాట్లాడండి. మీటర్ గేజి బండి ఎప్పుడు వచ్చేది, అందులో ఏ సరుకు వెళ్లేది, కరువు ఏళ్లలో ఊరి నుంచి ఎవరు ఏ బండి ఎక్కి ఎక్కడికి వలస వెళ్లారు అని అడగండి. చెప్పినవారి అనుమతితో రాసుకోండి. పాత కట్టడం కనిపిస్తే దూరం నుంచే ఫోటో తీసి, అది ఎక్కడుందో, ఏ రాయితో కట్టారో, దానిపై ఏదైనా సంవత్సరం చెక్కి ఉందో నమోదు చేయండి. రైళ్లు నడిచే పట్టాల మీదికి, వంతెనల మీదికి మాత్రం వెళ్లకూడదు. అది ప్రమాదకరం, చట్ట విరుద్ధం కూడా.

9. సారాంశం

గోదావరి పాత రైలు వంతెన 1897–1900 మధ్య నిర్మాణమై 97 ఏళ్లు రైళ్లను మోసింది. మద్రాసు–కలకత్తా మార్గంలోని లోటును అది పూడ్చింది. అదే కాలంలో రాయదుర్గం సీమకు కరువు రక్షణ పేరుతో రైలు వచ్చింది గాని, నీరు చాలా ఆలస్యంగా వచ్చింది. రైలు, కాలువల మధ్య జరిగిన ఎంపిక ఫలితాలను ఈ రెండు చోట్లా పక్కపక్కన పెట్టి చూడవచ్చు. 1997లో విశ్రాంతి పొందిన వంతెనను ఇప్పుడు నడక దారిగా మార్చబోతున్నారు. వాడుక మారడం వల్ల కట్టడం బతుకుతుంది. దాని కథను కూడా నిలిపినప్పుడే అది చారిత్రక ఆధారంగా బతుకుతుంది.

10. నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1) 1880 కరువు కమిషన్ సిఫార్సులను, వాటిపై కాటన్, జాతీయవాదుల విమర్శను వివరించండి.
2) వాడుక ఆగిన రైలు వంతెనను నడక దారిగా మార్చేటప్పుడు చరిత్రను ఎలా కాపాడవచ్చు? గోదావరి, పొకీప్సీ వంతెనల ఉదాహరణలతో చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1) ఇసుక నదిలో వంతెన స్తంభాలకు పునాది వేసే పద్ధతిని రాయండి.
2) జాతీయోద్యమ వ్యాప్తికి రైలు మార్గాలు ఎలా తోడ్పడ్డాయి?
3) ఒక కట్టడం పేరులో కనిపించని మనుషుల చరిత్రను ఏ ఆధారాలతో రాయగలం?